హంస రాయబారం కోసం వెతికిన వైద్యుడు

వార్షిక సంచికకు ఒక గొప్ప శాస్త్రజ్ఞుడి జీవితం రాసి ఇమ్మని మన విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, అందరికీ తోచే పేర్లే ముందు నాకూ తోచాయి. న్యూటన్, ఐన్‌స్టీన్, మన సర్ సి.వి. రామన్. వీరి మీద కాలేజీ సంచికల్లో ఇదివరకే ఎన్నో వ్యాసాలు వచ్చాయి, ఇకముందూ వస్తాయి. నేను రాయదలచుకున్న మనిషి పేరు హాన్స్ బెర్గర్. ఆస్పత్రిలో తలకు తీగలు తగిలించి మెదడు తరంగాలు తీసే ఈ.ఈ.జీ. పరీక్ష మనలో చాలామంది వినే వుంటారు. మనిషి మెదడులో ఆ తరంగాలను మొట్టమొదట పట్టుకున్న జర్మన్ వైద్యుడు ఆయన. ఆయన్ని గొప్పవాడనవచ్చునా అన్నది మాత్రం వ్యాసం చివర మీరే తేల్చుకోవాలి. నా మటుకు నేను ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు.

బెర్గర్‌తో నాకు పరిచయం కలిగించింది మా మావయ్య. మావయ్య తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. వేళ్ళతో టకటకా కీ కొట్టి ఊరూరికీ కబుర్లు పంపిన మనిషి. రిటైరైన కొన్నేళ్ళకు మోటార్ న్యూరాన్ జబ్బు పట్టుకుంది. ముందు చేతులు పోయాయి, తరువాత కాళ్ళు, ఆపైన మాట. చివరకు కళ్ళు మాత్రం మిగిలాయి. తెలివి చెక్కు చెదరలేదు. ఒక అట్ట మీద అచ్చులూ హల్లులూ రాసి మేం ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ పోతే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప ఆర్పేవాడు. మన తెలుగులో అక్షరం దొరికినంత మాత్రాన సరిపోదు గదా! గుణింతం కావాలి, ఒత్తు కావాలి. మంచినీళ్ళు అన్న ఒక్క మాట పూర్తయ్యేసరికి ఆయన కళ్ళు అలిసిపోయేవి.

మా అమ్మ మాత్రం అట్ట జోలికి పోయేది కాదు. అన్నయ్యకు దాహమేస్తోందిరా అంటూ లేచి గ్లాసు తెచ్చేసేది. చాలాసార్లు ఆవిడ చెప్పిందే నిజమయ్యేది. తోడబుట్టినవాళ్ళకు అలా తెలిసిపోతుందని ఇంట్లో అందరూ అనేవారు. ఫిజిక్స్ చదువుకుంటున్నానన్న గీరతో నేను నవ్వేసేవాణ్ణి. కాని ఆ రోజుల్లోనే, కాలూ చెయ్యీ కదపకుండా మెదడు సంకేతాలతో అక్షరాలు రాసే యంత్రాల గురించి లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టాను. ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీల్లో బెర్గర్ పేరే. తీరా చదివితే ఆయన కథ కూడా ఒక తోబుట్టువుతో, ఒక టెలిగ్రాంతోనే మొదలయింది. ఇక వదిలిపెట్టలేకపోయాను.

హాన్స్ బెర్గర్ 1873 మే 21న జర్మనీలో, కోబుర్గ్ పట్టణం పక్కన నాయ్‌సెస్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి వైద్యుడు. తల్లి ఆ దేశంలో పేరుమోసిన కవి ఫ్రీడ్రిష్ ర్యూకెర్ట్ కూతురు. ఈ ర్యూకెర్ట్ ఉత్త కవే కాదు, తూర్పుదేశాల భాషలెన్నో నేర్చిన పండితుడు కూడా. సంస్కృతం నేర్చుకుని మహాభారతంలోని నలదమయంతుల కథను 1828లో జర్మన్ పద్యాల్లో వెలువరించాడు. శృంగార నైషధం తెలిసిన మనకు ఆ కథలో హంస చేసిన రాయబారం గురించి వేరే చెప్పనక్కర లేదు. ఒకరి మనసులోని మాటను చూడని దూరాన వున్న ఇంకొకరికి మోసుకుపోయిన పక్షి అది. తాత దాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. మనవడు అటువంటి హంస నిజంగా వుందా అని జన్మంతా వెతికాడు.

కుర్రతనంలో బెర్గర్ కోరిక ఖగోళశాస్త్రజ్ఞుడు కావాలని. ఆ ఉద్దేశంతోనే జేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఫిజిక్స్ వారికి జేనా అనగానే జైస్ కంపెనీ కటకాలు గుర్తుకొస్తాయి, ఆ ఊరే. కాని లెక్కలూ నక్షత్రాలూ ఒక్క సెమిస్టరుతోనే ఆయనకు సరిపోయాయి. చదువాపి, ఏడాది సైనిక సేవకని ఆశ్విక దళంలో చేరాడు. అప్పటికింకా ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఒకరోజు కవాతులో గుర్రం బెదిరి ఆయన్ని కింద పడేసింది. పడింది మామూలు చోట కాదు, గుర్రాలు లాక్కొస్తున్న ఫిరంగిబండి దారిలో. చక్రం మీదికి ఎక్కబోతూండగా బండి ఆగింది. ప్రాణం దక్కింది, గీతైనా పడలేదు. ఆ సాయంకాలం ఇంటినుంచి తండ్రి పంపిన టెలిగ్రాం వచ్చింది: నీ క్షేమం వెంటనే తెలపమని. ఎన్నడూ లేనిది తండ్రి టెలిగ్రాం ఎందుకిచ్చాడు? ఎంతో దూరాన ఇంట్లో వున్న ఆయన సోదరికి, తమ్ముడో అన్నో అనికాదు, హాన్స్‌కే ఏదో ముప్పు వచ్చిందని ఉన్నట్టుండి గట్టిగా అనిపించిందట. ఆమె పట్టుబట్టి తండ్రిచేత తంతి ఇప్పించింది.

మనమైతే ఇలాంటి దాన్ని ఒక వింతగా పదిమందికీ చెప్పుకుని మరిచిపోతాం. బెర్గర్ మరిచిపోలేదు. చావు ఎదురైన క్షణంలో తన మనసులోంచి ఏదో వెలువడి సోదరి మనసుకు చేరిందని నమ్మాడు. అయితే నమ్మి ఊరుకోలేదు. చేరింది నిజమైతే అది ఏ రూపంలో చేరింది? శక్తి సృష్టి కాదు, నశించదు, రూపం మార్చుకుంటుందని ఫిజిక్స్ చెబుతుంది. మెదడులో రసాయన శక్తి ఖర్చవుతోంది. అందులో కొంత వేడిగా మారుతుంది, కొంత విద్యుత్తుగా మారుతుంది. మరి మిగిలిన పాలు ఆలోచనగా, భావంగా మారుతోందా? దాన్ని కొలవవచ్చునా? ఈ ప్రశ్న వేసుకుని, నక్షత్రాలను వదిలి, జేనాకు తిరిగొచ్చి వైద్యవిద్యలో చేరాడు. 1897లో డాక్టరై అక్కడి మానసిక చికిత్సాలయంలో ఆటో బిన్స్‌వాంగర్ అనే ఆచార్యుడి దగ్గర సహాయకుడయ్యాడు. ఆ భవనాన్ని ఆయన నాలుగు దశాబ్దాల పాటు వదల్లేదు.

ముందు మెదడులోని రక్తప్రసారం కొలిచాడు. దెబ్బతగిలో, ఆపరేషన్ వల్లనో కపాలంలో కొంత ఎముక లేని రోగుల్లో, చర్మం కింద మెదడు కొట్టుకోవడం పైకి తెలుస్తుంది. ఆ కదలికను నమోదుచేసి, భయం, సంతోషం, లెక్కలు చెయ్యడం వంటివి రక్తం పొంగును ఎలా మారుస్తాయో చూశాడు. తరువాత మెదడు ఉష్ణోగ్రత కొలిచి 1910లో ఒక పుస్తకమే వేశాడు. దేనిలోనూ తాను వెతికే శక్తి తేలలేదు. ఇక మిగిలింది విద్యుత్తు.

మెదడులో విద్యుత్తు వుందన్న సంగతి అప్పటికి కొత్తేమీ కాదు. లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ అనే ఆయన 1875లోనే కుందేళ్ళలోనూ కోతుల్లోనూ దాన్ని చూశాడు. మనుషుల్లో మాత్రం ఎవ్వరూ చూడలేదు. బెర్గర్ 1902లో కుక్కలతో మొదలుపెట్టి ఎన్నోసార్లు ప్రయత్నించి ఎన్నోసార్లు విఫలమయ్యాడు. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి సైనిక వైద్యుడిగా పశ్చిమ రంగానికి పోయాడు. తిరిగొచ్చాక 1919లో బిన్స్‌వాంగర్ స్థానంలో చికిత్సాలయానికి డైరెక్టరయ్యాడు. 1927-28లో ఆ విశ్వవిద్యాలయానికి రెక్టరు కూడా, అంటే మన వైస్ ఛాన్సలర్ వంటి పదవి.

మనిషి ఎలాంటివాడంటే, గడియారంలాంటివాడు. వేళకు రావడం, వేళకు వార్డులు తిరగడం, వేళకు పోవడం. ముభావి. కింది డాక్టర్లకు ఆయనంటే చనువు లేదు, భయం వుండేది. 1911లో పెళ్ళాడిన భార్య ఉర్సులా అంతకు ముందు ఆయన దగ్గరే ప్రయోగాల్లో సహాయకురాలు. పగలు పద్ధతి ప్రకారం రోగాలూ మందులూ చూసే ఆచార్యుడు, సాయంకాలమయ్యేసరికి తన గదిలో దూరి తీగలూ గాల్వనోమీటరూ ముందేసుకుని కూర్చునేవాడు. లోపల ఏం జరుగుతోందో బయట ఎక్కువమందికి తెలీదు. తెలిస్తే నవ్వుతారని ఆయనకు తెలుసు.

1924 జూలై 6న, యాభయ్యొకటో ఏట, అది కనబడింది. కపాలంలో ఎముక లోపించిన 17 ఏళ్ళ కుర్రవాడి తలమీద తీగలు పెట్టి చూస్తే, స్ట్రింగ్ గాల్వనోమీటరులోని సన్నని తీగ చిన్నగా ఊగింది. ఎంత చిన్నగా అంటే, ఈ తరంగాల వోల్టేజి సుమారు 50 మైక్రోవోల్టులు. మన టార్చిలైటు సెల్లులో వుండే ఒకటిన్నర వోల్టులో ముప్ఫైవేలో వంతు. గుండె పుట్టించే విద్యుత్తు కూడా దీనికి ఇరవై రెట్లుంటుంది. ఆ రోజుల్లో మనకున్న ఆంప్లిఫయర్లు ఆయనకు లేవు. వెలుతురు చుక్కను ఫోటో కాగితం మీద పడేసి గీత తీసుకోవడమే.

ఇప్పుడొక ప్రశ్న. మీరైతే ఏం చేస్తారు? మర్నాడే పత్రికకు పంపిస్తారు. బెర్గర్ అయిదేళ్ళు పంపలేదు. ఆ ఊపు మెదడుదేనా? గుండె చప్పుడా? రక్తనాళం కొట్టుకోవడమా? నుదుటి కండరమా? చర్మమా? ఒక్కొక్కటే పట్టుకుని తోసేస్తూ వచ్చాడు. గుండె గీతనూ మెదడు గీతనూ పక్కపక్కన నమోదుచేశాడు. ఊపిరి బిగబట్టించి చూశాడు. ఎముకలేని తలలే కాక మామూలు తలల మీద, తన కొడుకు తల మీద, చివరకు తన తల మీదా తీశాడు. ఒకనాడు రూఢి అనిపించేది, మరునాడు అంతా భ్రమేమో అనిపించేది. ఆ అయిదేళ్ళు ఆయన అనుభవించిన సందేహం మన ప్రాక్టికల్ రికార్డుల్లో రీడింగులు ముందే రాసేసుకునే వాళ్ళం అందరం ఒకసారి తలచుకోవలసింది.

1929లో మొదటి వ్యాసం అచ్చయింది. మానవుడి ఎలెక్ట్రెన్‌కెఫలోగ్రామ్ అన్న పేరు ఆయన పెట్టిందే. అక్కణ్ణించి 1938 దాకా అదే శీర్షికతో వరుసగా పద్నాలుగు వ్యాసాలు రాశాడు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా కూర్చున్న మనిషిలో సెకండుకు సుమారు పదిసార్లు ఊగే పెద్ద అలలు కనిపిస్తాయి. వాటికి ఆల్ఫా అని పేరుపెట్టాడు. వాటికన్నా చిన్నవిగా, వడిగా వుండే వాటికి బీటా అన్నాడు. కళ్ళు తెరవగానే ఆల్ఫా అణగిపోతుంది. కళ్ళు మూసుకునే వున్నా, కష్టమైన లెక్క ఒకటి చెయ్యమంటే అప్పుడూ తగ్గుతుంది. కూతురికి భిన్నాల గుణకారం ఇచ్చి ఆయన ఇది చూపించాడు.

ఇందులో కిటుకు చాలా అందమైనది. మెదడులోని ఒక్క కణం విద్యుత్తు బయటికి తెలియదు. లక్షల కణాలు ఒకే తాళానికి ఊగినప్పుడు మాత్రమే చర్మం దాకా వస్తుంది. పనిలేని వేళ అవి భజనలో చప్పట్లలాగా ఒకటిగా కొడతాయి. పని పడగానే ఎవరి పని వారిదై తాళం తప్పుతుంది. అందుచేత మెదడు ఎక్కువ పనిచేసేటప్పుడు అల చిన్నదవుతుంది. నిశ్శబ్దం అనుకున్నదే అసలు పని అన్నమాట.

లోకం వెంటనే నమ్మలేదు. పేరులేని ఊరినుంచి, శరీరధర్మశాస్త్రం గాని ఎలెక్ట్రానిక్స్ గాని పద్ధతిగా నేర్వని మానసిక వైద్యుడు చెబితే ఎవరు నమ్ముతారు? ఇంత సాఫీగా ఊగే అల మెదడులోంచి రాదు, ఏదో పరికరంలో దోషమన్నారు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్గార్ ఏడ్రియన్, బ్రయన్ మాథ్యూస్ పూనుకుని పరీక్షించారు. ఏడ్రియన్ అంతకు రెండేళ్ళ కిందట 1932లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఆయన కూడా అనుమానంతోనే మొదలుపెట్టాడు. తీరా తన తలకే తీగలు తగిలించుకుని కళ్ళు మూసుకుంటే, బెర్గర్ చెప్పిన అల అచ్చంగా వచ్చింది! వారు తమ వ్యాసంలో దానికి బెర్గర్ లయ అని పేరుపెట్టి, గౌరవం ఎవరికి చెందాలో వారికే దక్కేలా చూశారు. ఆ ఒక్క వ్యాసంతో జేనా డాక్టరు పేరు దేశదేశాలా తెలిసింది. మరుసటి ఏడే అమెరికాలో బోస్టన్ వైద్యులు మూర్ఛరోగంలో సెకండుకు మూడుసార్లు లేచే అలలు పట్టుకున్నారు. 1936లో ఇంగ్లండులో గ్రే వాల్టర్ మెదడులో గడ్డ వున్నచోట నెమ్మదైన అలలు పుడతాయని చూపించాడు.

ఏడ్రియన్, మాథ్యూస్ ఇంకొక రెండు సంగతులు కూడా చూశారు. ఆల్ఫా మెదడంతటిదీ అని బెర్గర్ అనుకున్నాడు. అది ముఖ్యంగా తల వెనక, చూపుకు సంబంధించిన భాగంలోంచి వస్తుందని వారు తేల్చారు. రెండోది, కంటి ముందు దీపాన్ని టకటకా ఆర్పి వెలిగిస్తూంటే, ఆ లయనే తలవెనక మెదడు కూడా అందుకుంటుంది. ఈ రెండో సంగతి గుర్తు పెట్టుకోండి. మా మావయ్య దగ్గరికి మళ్ళీ దీంతోనే వస్తాం.

మరి హంస దొరికిందా? దొరకలేదు. చర్మం దాకా వచ్చేసరికే అంత సన్నగిల్లిపోయే విద్యుత్తు మైళ్ళ దూరం పోయి సోదరి మనసును తట్టలేదని బెర్గర్‌కు తెలుసు. అయినా ఆశ వదులుకోలేదు. 1940లో ప్రచురించిన సైకే అనే చిన్న పుస్తకంలో ఆ పాత ప్రమాదం, ఆ టెలిగ్రాం సంగతి చెప్పి, విద్యుత్తు కాని మరేదో మానసిక శక్తి వుండవచ్చునని ఊహించాడు. ఆ ఊహకు రుజువు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. ఇంతవరకూ అయితే ఇది చక్కని కథ. ఇక్కడే ఆపేసిన పుస్తకాలూ చాలా వున్నాయి.

కాని 1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఆ జూలైలోనే ఒక చట్టం చేశారు. వంశపారంపర్యమనుకున్న జబ్బులున్న వారికి, ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యవచ్చు. 1934 జనవరి 1 నుంచి అది అమలయింది. మానసిక రోగులు, మూర్ఛరోగులు, పుట్టుగుడ్డివారు, చెవిటివారు, బుద్ధిమాంద్యం వున్నవారు ఆ జాబితాలో వున్నారు. తీర్పు చెప్పడానికి జడ్జీలూ డాక్టర్లూ కలిసిన కోర్టులు, వాటిపైన అప్పీలు కోర్టులు పెట్టారు. మొత్తం మీద దాదాపు నాలుగు లక్షల మందికి ఆ ఆపరేషన్ జరిగిందని అంచనా.

బెర్గర్ 1938లో 65 ఏళ్ళు నిండి రిటైరయ్యాడు. 1941లో, దిగులు జబ్బుతో కుంగిపోయి, తాను ఏలిన ఆస్పత్రిలోనే ఉరిపోసుకుని చనిపోయాడు. నాజీలు ఆయన్ని బలవంతంగా పంపించేశారనీ, వారంటే గిట్టకనే అలా చేశాడనీ చాలాకాలం రాస్తూ వచ్చారు. నేనూ మొదట అదే చదివి, కళ్ళు చెమర్చి, మా అమ్మకు కూడా చెప్పాను. అది నిజం కాదు. 2000 తరువాత చరిత్రకారులు జేనా కాగితాలు తిరగేసి బయటపెట్టిన సంగతులు వేరు. బెర్గర్ ఎస్.ఎస్. దళానికి చందా కట్టే పోషక సభ్యుడు. జేనాలోని ఆ అప్పీలు కోర్టులో సభ్యుడిగా కూర్చుని తీర్పుల్లో పాలుపంచుకున్నాడు. రిటైరైన తరువాత 1941లో మళ్ళీ పిలిస్తే రావడానికి సిద్ధమేనన్నాడు.

ఇది చదివిన రోజున నేను పుస్తకం మూసి హాస్టలు మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఎవరి తలల మీద తీగలు పెట్టి ఆయన ఆ అలలు పట్టుకున్నాడో, ఆ మూర్ఛరోగులూ మానసిక రోగులే కోర్టులో ఆయన ముందు నిలబడ్డారు. ఇరవైవేలో వంతు వోల్టును వినడానికి పాతికేళ్ళు చెవి ఒగ్గిన మనిషి, ఎదురుగా నిలబడి నోరువిప్పి వద్దు మొర్రో అంటున్నవారి మాట వినలేకపోయాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే వున్నారని సర్దిచెప్పుకోవచ్చు. కాని ప్రయోగంలో తన రీడింగునే తాను అయిదేళ్ళు నమ్మనివాడు, ఆ చట్టాన్ని మాత్రం ఒక్కసారైనా అనుమానించకుండా ఎలా వుండగలిగాడన్నది నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆయన పోయినా అల పోలేదు. కంప్యూటర్లు వచ్చాక దానికి కొత్త జన్మ దొరికింది. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాక్ విడాల్ అనే ఆచార్యుడు మెదడు అలలతో కంప్యూటరును నేరుగా నడపవచ్చునా అని అడుగుతూ ఒక వ్యాసం రాశాడు. 1977 నాటికి, తెరమీద మెరుపులు చూస్తున్న మనిషి మెదడు స్పందనను బట్టి ఒక చుక్కను గళ్ళదారిలో నడిపించి చూపించాడు.

ఇందులో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఏడ్రియన్ చూసిన దీపం పద్ధతి. తెరమీద నాలుగు గళ్ళు వేరువేరు లయల్లో మిణుకుతుంటాయి. ఒకటి సెకండుకు 8 సార్లు, ఒకటి 10, ఒకటి 12, ఒకటి 15 అనుకోండి. మీరు దేన్ని తదేకంగా చూస్తే, తలవెనక మెదడులో ఆ లయే పైకొస్తుంది. కంప్యూటరు ఆ లయను పట్టుకుని మీ చూపు ఎక్కడుందో చెప్పేస్తుంది. రెండోది 1965లో శామ్యూల్ సటన్ బృందం గమనించిన సంకేతం మీద ఆధారపడింది. ఎదురుచూస్తున్నదేదో కనబడగానే సుమారు 300 మిల్లీసెకండ్లకు మెదడులో ఒక గుబ్బలాంటి అల లేస్తుంది. 1988లో ఫార్వెల్, డాంచిన్ అనే ఇద్దరు దీంతో అక్షరాల యంత్రం చేశారు. ఆరు వరుసలు, ఆరు నిలువులు, 36 గళ్ళు. వరుసలూ నిలువులూ అడ్డదిడ్డంగా మెరుస్తాయి. మీకు కావలసిన అక్షరమున్న వరుస మెరిసినప్పుడు ఒకసారి, నిలువు మెరిసినప్పుడు ఒకసారి ఆ గుబ్బ లేస్తుంది. రెండూ కలిసేచోట మీ అక్షరం. ఒక్కసారికి అల రణగొణలో మునిగిపోతుంది కనక పదేపదే మెరిపించి సరాసరి తియ్యాలి. ఆనాడు నిమిషానికి రెండు అక్షరాల పైచిలుకు వచ్చాయి. మా అట్ట కూడా ఇంచుమించు అంతే. ఆపైన మన వర్ణమాలకు ఆ 36 గళ్ళు ఏ మూలకూ చాలవు. తరువాత వేగం ఎంతో పెరిగింది. అయితే చూపు నిలపలేని రోగులకు ఇవి అంతగా పనికిరావు. మూర్ఛ వచ్చే వారికి మిణుకుమిణుకు దీపాలు ప్రమాదం కూడా.

పోయిన వేసవిలో మా లేబొరేటరీలో మేం ముగ్గురం కలిసి ఇటువంటిది ఒకటి కట్టాం. తలవెనక ఒక వెండి బిళ్ళ, చెవి తమ్మెకు ఒకటి, నుదుటికి ఒకటి. మొదటి వారమంతా తెరమీద కనబడింది మెదడు కాదు, ట్యూబులైట్ల 50 సైకిళ్ళ రొద. అన్నీ ఆపేసి, ఫాను కూడా కట్టేసి, బ్యాటరీ మీద నడిపి, చెమటలు కారుతూ కూర్చున్నాం. స్నేహితుడు కళ్ళు మూసుకున్నాడు. సెకండుకు పది అలలు, నున్నగా, ఒకదాని వెనక ఒకటి. కళ్ళు తెరిచాడు, మాయం. వందేళ్ళ కిందట జేనాలో కనబడిన అలే అది. ఆ పూట ఎవ్వరం మాట్లాడలేకపోయాం. తరువాత రెండు చిన్న దీపాలు మిణుకుతూ పెట్టి, ఒకటి అవును, ఒకటి కాదు అనుకున్నాం. కొన్ని సెకండ్లు పట్టినా యంత్రం చాలాసార్లు సరిగ్గానే చెప్పింది.

అప్పటికి మావయ్య పోయి ఎనిమిది నెలలు. మా అవును, కాదు ఆయన చూడలేదు. ఇంటికి వెళ్ళి అమ్మకు గీతలు చూపిస్తే ఆవిడ కాగితం తిరగేసి మరగేసి, ఇందులో వాడేమన్నాడో తెలుస్తుందా అని అడిగింది. తెలీదమ్మా, ఏ దీపం వైపు చూశాడో మాత్రమే తెలుస్తుందన్నాను. చూసే మనిషి దగ్గర ఎవరో ఒకరు కూర్చుంటే అది చాలుగదరా అంది. ఆవిడ అట్ట చూడకుండా ఎలా కనిపెట్టేదో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది. హంసా లేదు, మహిమా లేదు. మూడేళ్ళు పగలూ రాత్రీ ఆ మంచం పక్కన కూర్చుని, పెదవి ఎండడం, చూపు కుండ వైపు మళ్ళడం కనిపెట్టింది. అంతే.

మిత్రులారా, మనలో కొందరు రేపు డాక్టర్లవుతారు, కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు ఇలాంటి యంత్రాలే కడతారు. మెదడు మాటను చదివే యంత్రాలు ఇంకా ఇంకా చురుకవుతాయి. బెర్గర్ ఓర్పును మనం నేర్చుకోవాలి, తన రీడింగును తానే అనుమానించిన నిజాయితీని నేర్చుకోవాలి. దాంతోపాటు ఆయన కూర్చున్న ఆ కోర్టుగదిని కూడా గుర్తుంచుకోవాలి. నోరులేని మా మావయ్యలాంటి మనిషి ఆ గదిలో నిలబడి వుంటే, ఎంత మంచి యంత్రం ఆయన కాదన్న మాటను తెరమీద రాసినా, వినదలచుకోని వారికి అది ఉత్త గీతే అయివుండేది.